మోటరు కాలింది, షాపాయన మాట మార్చాడు: లాయరు లేకుండా కేసు వేయొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దగ్గర పల్లె. మూడెకరాల బత్తాయి తోట ఉంది. ఫిబ్రవరి 6న నల్గొండలో ఒక షాపులో 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటరు 42,500 రూపాయలకు కొన్నాం. 30,000 నేను ఫోన్‌పే చేశాను, మిగతా 12,500 మా ఆయన చేతికిచ్చాడు. బిల్లు అడిగితే ‘జీఎస్టీ పడుతుంది, ఎందుకమ్మా’ అని మా ఆయన పేరున చిట్టీ మీద మోటరు పేరు, రేటు రాసిచ్చాడు. మార్చి 27న మోటరు కాలిపోయింది. ఏడాది వారంటీ ఉంది కదా అంటే, ‘వోల్టేజీ వల్ల కాలింది, కంపెనీ ఒప్పుకోదు, ఏం చేస్కుంటరో చేస్కోండి’ అంటున్నాడు. లాయరును అడిగితే ఫీజు పదిహేను వేలన్నాడు. పోయిన డబ్బు కోసం ఇంకా డబ్బు పోయాలా? అమెరికాలో ఉండే మా బావ అక్కడ స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంటుందని, లాయరు లేకుండా ఎవరి కేసు వాళ్లే వేసుకోవచ్చని చెప్పాడు. మన దగ్గర అలాంటిది ఉందా? కంపెనీ కోయంబత్తూరులో ఉందట, అక్కడికి పోవాలా? నేను డిగ్రీ వరకు చదివాను గానీ మా ఇంట్లో కోర్టు మెట్లెక్కినవాళ్లు లేరు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లెమ్మా, కోర్టు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఒకటి చూసుకోండి. కాలిన మోటరు ఇప్పుడు ఎక్కడుంది?

ఎండాకాలంలో తోటకు నీళ్లు ఆపలేరు. అందుకే మోటరు కాలిన మర్నాడే చాలామంది దాన్ని వైండింగ్ షాపులో పడేస్తారు. మెకానిక్ కాలిన తీగను తీసేసి, కొత్త తీగ చుట్టి, సాయంత్రానికల్లా ఇచ్చేస్తాడు. తోటకు నీళ్లొస్తాయి గానీ, లోపం మోటరులో ఉందా, కరెంటులో ఉందా అని చూపించే ఆధారం ఆ రాగితీగతో పాటే పోతుంది. అవసరమైతే వస్తువును ల్యాబుకు పంపి పరీక్ష చేయించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది. కొత్త తీగ చుట్టాక అక్కడ పరీక్షించడానికి ఏం మిగులుతుంది? అందుకని కుదిరితే పాత మోటరో, అద్దె మోటరో దించుకొని, ఈ కాలిన మోటరును అలాగే గోనెసంచిలో కట్టి ఇంట్లో పెట్టండి.

అంత వీలు లేదు, వైండింగ్ చేయించక తప్పదంటే, మెకానిక్ విప్పేటప్పుడు మీరు దగ్గరుండండి. నేమ్‌ప్లేటు మీద ఉన్న సీరియల్ నంబరు కనపడేలా ఒక ఫొటో తీయండి, అది చాలా ముఖ్యం. విప్పుతుంటే వీడియో తీయండి. వైండింగ్ మొత్తం నల్లబడిందా, ఒక్క వైపే కాలిందా, లోపలికి నీళ్లు దిగాయా, బుష్‌లు అరిగాయా, ఇవన్నీ మెకానిక్ చేత తెల్లకాగితం మీద రాయించి, తేదీ వేయించి, సంతకం, ఫోన్ నంబరు తీసుకోండి. కాలిన తీగను అతనికి వదిలేయకుండా మూట కట్టి తెచ్చుకోండి. ఇప్పటికే చేయించి ఉంటే ఇవాళే వెళ్లి అడగండి, ఇంకా తూకానికి వేసి ఉండకపోవచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను కూడా ఒకసారి ఇక్కడే దెబ్బతిన్నాను. కొన్నేళ్ల కిందట మా ఇంటికి కొన్న ఇన్వర్టర్ బ్యాటరీ నాలుగు నెలలకే పనిచేయడం మానేసింది. ‘ఇవ్వండి సార్, కంపెనీకి పంపిస్తాం’ అంటే నమ్మి, రసీదు అడగకుండా షాపులో దింపి వచ్చాను. కేసు వేశాక వాళ్లు ఇచ్చిన జవాబులో ‘ఆయన మాకు బ్యాటరీ ఇవ్వనే లేదు’ అని ఉంది. ఆ లైను చదివినప్పుడు నా చేతులు వణికాయి. చివరికి ఆ రోజు బ్యాటరీ మోసుకొచ్చిన ఆటో అతను అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిన పత్రం) ఇస్తే గానీ నా మాట నిలబడలేదు. మీరు మాత్రం షాపుకు మోటరు ఇవ్వాల్సి వస్తే, తీసుకున్నట్టు రాసి ముద్ర వేయించుకోకుండా ఇవ్వకండి.

ఇక మీ బావ చెప్పిన మాట. అక్కడ ఆ కోర్టులు ఉన్నమాట నిజమే. కాలిఫోర్నియాలోనైతే మామూలు మనుషులు 12,500 డాలర్ల దాకా అడగొచ్చు, విచారణలో ఇరువైపులా లాయర్లు నిలబడటానికి వీల్లేదు. నల్గొండలో ఆ పేరుతో బోర్డు మీకు కనపడదు. హైదరాబాద్‌లో సిటీ స్మాల్ కాజెస్ కోర్టు ఉంది గానీ మీ పని అక్కడిది కాదు. మీరు వెళ్లాల్సింది జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌కు. జనం ఇప్పటికీ కన్స్యూమర్ ఫోరం అనే అంటారు, అలా అడిగినా దారి చూపిస్తారు. కొన్న వస్తువుకు 50 లక్షల లోపు చెల్లించి ఉంటే కేసు జిల్లా కమిషన్‌లోనే వేయాలి. 5 లక్షల లోపైతే కేసు ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. మీకయ్యే ఖర్చల్లా టైపింగ్, నోటరీ, జిరాక్సులు, పోస్టు, కొండమల్లేపల్లి మీదుగా నల్గొండకు బస్సు చార్జీలు. లాయరు ఉండి తీరాలన్న నిబంధన లేదు. మీరే మాట్లాడుకోవచ్చు, లేదా రాతపూర్వకంగా అధికారమిచ్చి ఇంట్లో మనిషిని పంపొచ్చు.

కోయంబత్తూరు పోనక్కర్లేదు. 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం, ఫిర్యాదు చేసే మనిషి ఎక్కడ ఉంటే ఆ జిల్లాలోనే కేసు వేసుకోవచ్చని చెప్పింది. కంపెనీవాళ్లే నల్గొండకు రావాలి, లేదా లాయరును పంపుకోవాలి.

షాపు తరఫు లాయరు బహుశా మొదట లేపే అభ్యంతరం ఇది: ‘తోట మీద ఆదాయం వస్తుంది కాబట్టి ఇది వ్యాపారం కోసం కొన్న మోటరు, వీళ్లు వినియోగదారులు కారు.’ దీనికి భయపడకండి. సొంతంగా పని చేసుకొని బతకడానికి కొన్న వస్తువు వ్యాపారం కిందికి రాదని చట్టంలోనే రాసి ఉంది. విత్తనాల కేసుల్లో 2012లో సుప్రీంకోర్టు కూడా రైతు వినియోగదారుడేనని తేల్చింది. అలా ఢిల్లీ దాకా వెళ్లిన ఆ కేసుల్లో మన మహబూబ్‌నగర్ జిల్లా ఫోరం తీర్పులు కూడా ఉన్నాయి. మీలాంటి రైతులే గెలిచారు. మీ ఫిర్యాదులో ‘ఈ తోటే మా కుటుంబానికి జీవనాధారం, మేమే పని చేసుకుంటాం’ అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. పట్టాదారు పాస్‌బుక్ జిరాక్సు దానికి జత చేయండి.

బిల్లు లేదని మీరు దిగులు పడుతున్నట్టున్నారు. నిజానికి అడిగినా బిల్లు ఇవ్వకపోవడం షాపాయన చేసిన తప్పు. అమ్మిన వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడాన్ని కొత్త చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఫిర్యాదులో దాన్ని వేరే ఆరోపణగా రాయండి. కొన్నట్టు రుజువుకు మీ ఫోన్‌పే చెల్లింపు ఉంది. ఫోన్‌లో స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకుండా బ్యాంకుకు వెళ్లి ఫిబ్రవరి నెల స్టేట్‌మెంటు ముద్ర వేయించి తెచ్చుకోండి. చిట్టీ మీద ఆయన చేతిరాత ఉంది, మోటరు పేరు, రేటు ఉన్నాయి. దాని ఒరిజినల్‌ను పాలిథిన్ కవర్‌లో పెట్టి దాచండి. వాట్సాప్‌లో ఏమైనా మాట్లాడి ఉంటే ప్రింట్లు తీయండి, ఫోన్‌లో చాట్ మాత్రం డిలీట్ చేయకండి.

వోల్టేజీ అన్న సాకును ఎదుర్కోవడమే మీ కేసులో అసలైన పని. దీని మీద కొంచెం కష్టపడండి. మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇంకా ఎన్ని మోటార్లు నడుస్తున్నాయి? మార్చి 27న వాటిలో ఏదైనా కాలిందా? కాలకపోతే, ఆ రైతుల్లో ఇద్దరిని ‘అదే ట్రాన్స్‌ఫార్మర్, అదే రోజు, మా మోటార్లకు ఏమీ కాలేదు’ అని అఫిడవిట్ ఇవ్వమని అడగండి. మీ మాటకు మీ పక్క పొలంవాళ్లే సాక్షులు. మీ స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువ లాగితే మోటరును ఆపేసే పరికరం) ఉంటే దాని ఫొటో, కొన్న బిల్లు పెట్టండి. ఒకవేళ రిలే పనిచేయకపోయినా, మూడు ఫేజులకు బదులు రెండు ఫేజుల మీద మోటరు నడిపిన రోజులున్నా, ఆ విషయం దాచకండి. అవతలివాళ్లు అడిగినప్పుడు తడబడితే మీ మిగతా నిజాలు కూడా బలహీనపడతాయి. అలాగే వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఏముందో భూతద్దం పెట్టయినా చదవండి.

ఇప్పుడు నోటీసు. నోటీసు ఇవ్వకుండా కేసు వేయకూడదని చట్టంలో లేదు. అయినా పంపండి, ఎందుకంటే చాలా గొడవలు ఆ కాగితంతోనే తీరిపోతాయి. దీనికి లాయరు లెటర్‌హెడ్ అక్కర్లేదు, మీరే తెల్లకాగితం మీద రాయండి. తిట్లు, శాపనార్థాలు వద్దు. ఇలా ఉంటే చాలు:

‘ఫిబ్రవరి 6న మీ షాపులో ఫలానా కంపెనీ 5 హెచ్‌పీ మోటరు, ఫలానా సీరియల్ నంబరు గలది, 42,500 రూపాయలకు కొన్నాం. 30,000 ఫోన్‌పే ద్వారా, 12,500 నగదుగా చెల్లించాం. అడిగినా బిల్లు ఇవ్వలేదు. ఏడాది వారంటీ ఉందని చెప్పారు. మార్చి 27న మోటరు కాలిపోయింది. మీకు చెప్పినా వేరే మోటరు ఇవ్వలేదు. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో కొత్త మోటరు ఇవ్వండి, లేదా మా డబ్బు తిరిగి ఇవ్వండి. లేని పక్షంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాం.’

షాపుకు ఒకటి, కోయంబత్తూరు కంపెనీకి ఒకటి పంపండి. స్పీడ్ పోస్టులో, అందినట్టు అక్నాలెడ్జ్‌మెంటు వచ్చేలా పంపి, రసీదులు దాచండి. మీ సంతకంతో ఉన్న కాపీ ఒకటి మీ దగ్గర ఉండాలి. ఈ లోపు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయించండి. పెద్ద కంపెనీలు ఆ ఫిర్యాదుకు కొన్నిసార్లు దిగివస్తాయి. కానీ ‘చూస్తాం, చేస్తాం’ అంటూ నెలలు గడిపితే ఊరుకోకండి. మోటరు కాలిన రోజు నుంచి రెండేళ్లలోపు కేసు పడాలి, హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఉన్నంత మాత్రాన ఆ గడువు ఆగదు.

నోటీసుకు కదలిక లేకపోతే ఫిర్యాదు రాయండి. ఇంగ్లీషు రాదని ఆగకండి, ముందు తెలుగులో మీ మాటల్లో రాసుకోండి. అవసరమైతే టైపు చేసేవాళ్లతో మార్పించుకోవచ్చు. ఒక్కో పేరాకు ఒక్కో తేదీ, ఒక్కో సంగతి. అందులో ఏమేం కోరాలో ఆలోచించి రాయండి. మోటరు ధర, బోరులోంచి మోటరు పైకి గుంజిన కూలీ, ట్రాక్టర్ కిరాయి, ఆ రోజుల్లో తోటకు తోలించిన ట్యాంకర్ల డబ్బులు, మానసిక క్షోభకు పరిహారం, కేసు ఖర్చులు. ట్యాంకర్లకు ఎవరూ రసీదు ఇవ్వరని నాకు తెలుసు. తోలిన డ్రైవర్ చేత ‘ఫలానా తేదీన ఇన్ని ట్యాంకర్లు, ఇంత డబ్బు’ అని రాయించుకోండి. చెట్లు ఎండితే మండలంలో ఉద్యాన అధికారిని పిలిచి చూపించి, ఆయన రాసిన కాగితం పెట్టండి. కాగితం లేకుండా తోట నష్టం రెండు లక్షలని రాస్తే అది నిలవదు, పైగా 42,500 అన్న గట్టి మాట కూడా పలుచనవుతుంది.

చిట్టీ మీ ఆయన పేరున ఉంది, ఫోన్‌పే మీది. ఇద్దరూ కలిసి ఫిర్యాదుదారులుగా పేర్లు పెట్టండి. కొన్న మనిషి అనుమతితో ఆ వస్తువు వాడే మనిషి కూడా చట్టం ప్రకారం వినియోగదారే. ఎదుటి పక్షంగా షాపును, కంపెనీని ఇద్దరినీ చేర్చండి, లేకపోతే ‘తప్పు నాది కాదు, వాళ్లది’ అని ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. ఫిర్యాదు కాగితాలు ఎన్ని సెట్లు కావాలో కమిషన్ ఆఫీసులో అడిగితే చెబుతారు. ఇంటి దగ్గర్నుంచే ఈ-జాగృతి పోర్టల్‌లో కూడా దాఖలు చేయొచ్చు. అయినా మొదటిసారి కాబట్టి ఒకసారి స్వయంగా వెళ్లి రండి. హాలు వెనక బెంచీ మీద గంటసేపు కూర్చొని వేరేవాళ్ల కేసులు ఎలా నడుస్తున్నాయో చూడండి. ఆ గంట తర్వాత మీ భయం సగం తగ్గుతుంది. అక్కడ సినిమాల్లోలాగా అరుపులు ఉండవు. అధ్యక్షులు, సభ్యులు కూర్చొని ఉంటారు, నంబరు పిలుస్తారు, లేచి నిలబడి చెప్పాల్సింది చెబుతారు, వాయిదా తేదీ రాసుకొని బయటికి వస్తారు.

సాక్ష్యం చాలావరకు అఫిడవిట్ల మీదే నడుస్తుంది. మీ కాగితాలకు ఎ-1, ఎ-2 అని నంబర్లు వేస్తారు. మీరు ముందే అదే వరసలో పెట్టి, పైన ఒక జాబితా రాసి పెట్టుకుంటే, అడిగిన కాగితం వెంటనే తీసి చూపించొచ్చు. ఎదుటి పక్షానికి నోటీసు అందిన రోజును మీ నోటు పుస్తకంలో రాసుకోండి. వాళ్లు 30 రోజుల్లో జవాబు వేయాలి, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15 రోజులు. అంతకు మించి గడువు ఇచ్చే అధికారం కమిషన్‌కు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 46వ రోజున వాళ్లు జవాబు పట్టుకొస్తే లేచి ఆ మాట గుర్తు చేయండి. మీరు మాత్రం ఒక్క వాయిదా కూడా తప్పకండి. మీరు రాని రోజున కేసు కొట్టేసే ప్రమాదం ఉంది.

ఎన్నాళ్లు పడుతుంది? ల్యాబ్ పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలల్లో, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. వాస్తవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడి వెళ్లండి. మధ్యలో వాళ్లు రాజీకి వస్తే తప్పు పట్టాల్సింది లేదు. కొత్త మోటరు ఇస్తామంటే దాని మీద కొత్త వారంటీ, ఖర్చుల కింద ఎంతో కొంత డబ్బు అడగండి. అన్నీ కమిషన్ ముందు రాతపూర్వకంగా నమోదయ్యాకే కేసు వదలండి. ‘ముందు కేసు వెనక్కి తీసుకోండి, తర్వాత ఇస్తాం’ అన్న మాట నమ్మొద్దు. మీరు గెలిచాక వాళ్లకు రాష్ట్ర కమిషన్‌లో అప్పీలుకు 45 రోజుల గడువు ఉంటుంది, అప్పీలు వేయాలంటే చెల్లించమన్న మొత్తంలో సగం ముందుగా కట్టాలి. అప్పీలూ వేయక, డబ్బూ ఇవ్వకపోతే అదే జిల్లా కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. ఉత్తర్వును పాటించనివాళ్లకు నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 25,000 నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

ఇంకో సంగతి మీరు అడగలేదు గానీ చెప్పి తీరాలి. లాయరు ఫీజు కట్టలేక లాయరు లేకుండా వెళ్లాలనుకుంటున్నారు కదా. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళకు ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కు ఉంది, ఆదాయం ఎంతన్నది అడగరు. ఎస్సీ, ఎస్టీలకూ, వికలాంగులకూ అంతే. ఇది దయ కాదు, హక్కు. దేవరకొండ కోర్టులో మండల న్యాయసేవల కమిటీ దగ్గరో, నల్గొండలో జిల్లా న్యాయసేవాధికార సంస్థలోనో దరఖాస్తు ఇవ్వొచ్చు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. కేసు మీరే నడుపుకున్నా, ఫిర్యాదు రాసేటప్పుడు ఒకసారి వాళ్ల దగ్గర చూపించుకోండి.

కేసు కంటే ముందే అదే సంస్థలో లోక్ అదాలత్ కోసం అర్జీ పెట్టుకునే వీలు కూడా ఉంది. ఫీజు ఉండదు, షాపాయనను పిలిపించి కూర్చోబెడతారు. రాజీ కుదిరితే అక్కడ ఇచ్చే అవార్డుకు (రాజీ ఉత్తర్వుకు) సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. కానీ ఇద్దరూ ఒప్పుకుంటేనే అది జరుగుతుంది. ‘ఏం చేస్కుంటరో చేస్కోండి’ అన్న మనిషి అక్కడికొచ్చి ఒప్పుకుంటాడని ఒకటికి రెండు నెలలు ఎదురుచూడటం నాకిష్టం లేదు. పిలిస్తే వచ్చాడా, మంచిది. రాలేదా, వెంటనే కమిషన్‌కు వెళ్లండి.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక హెచ్చరిక. చేబదులు తీసుకొని ఇవ్వనివాడి మీద, ఇల్లు ఖాళీ చేశాక అడ్వాన్సు ఆపిన ఓనర్ మీద కన్స్యూమర్ కేసు పడదు. అవి జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేయాల్సిన దావాలు, కోర్టు ఫీజు ఉంటుంది, మామూలుగా మూడేళ్ల గడువు. అక్కడా ఎవరి కేసు వాళ్లు వాదించుకోవచ్చు గానీ, పద్ధతి కఠినం. అలాంటి వాటికి లోక్ అదాలత్ అర్జీతోనే మొదలుపెట్టమంటాను.

చెల్లెమ్మా, మీరు ఈ వారం చేయాల్సినవి మూడే: మెకానిక్ కాగితం, బ్యాంకు స్టేట్‌మెంటు, రెండు నోటీసులు. పోస్టు రసీదులు చిన్నవిగా ఉంటాయి, సిరా తొందరగా వెలిసిపోతుంది. పోస్టాఫీసు నుంచి బయటికి రాగానే పక్కన జిరాక్సు తీయించి, ఒరిజినల్‌ను నోటీసు కాపీకి పిన్ను కొట్టండి. షాపాయన జవాబు రాస్తే, ఆ జవాబు నాకు పంపండి. ఏం తిరుగు జవాబు ఇవ్వాలో కలిసి చూద్దాం.